వెరసి

మా కళాశాల ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది. అక్కడ డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు నేను వామన చరిత్ర చెబుతాను. పోతన భాగవతం, అష్టమ స్కంధం. ఏటేటా చెప్పడం వల్ల ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగి పిల్లల ముఖాలు చూడాలో నాకు అలవాటైపోయింది. పొట్టి వటువు పెరిగి పెరిగి బ్రహ్మాండమంతా నిండుతాడు. సూర్యబింబం మొదట అతనికి గొడుగవుతుంది, తరవాత తలమీది మణి అవుతుంది, అలా దిగి దిగి చివరికి పాదపీఠమవుతుంది. పెరిగేవాణ్ణి కాక, పక్కనున్న వస్తువును చూపించి పెరుగుదలను తెలియజేయడం కవి నేర్పు అని చెప్పి, నల్లబల్ల మీద కొలబద్దలాంటి గీత ఒకటి గీస్తాను. ప్రతి ఏడూ అదే గీత.

రెండేళ్ల కిందట ఒకనాడు ఆ గీత గీసి ఇటు తిరిగేసరికి, వెనక బెంచీలో ఒక కోయ కుర్రవాడు లేచి నిలబడి ఉన్నాడు. తరగతిలో ఎన్నడూ నోరు విప్పనివాడు.

"సార్, వామనుడు పెరుగుతున్నడని బలికి ఎప్పుడు తెలిసింది?"

"పెరిగాకే" అన్నాను.

"మా వోళ్లకూ అంతే సార్. కాకపోతే మా ఊర్ల ముందుగాల చెప్పనీకి శుక్రుడు సుత లేకపాయె."

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. గంట కొట్టారు, పుస్తకం మూసి వచ్చేశాను. కాని ఆ మాట నన్ను వదలలేదు. ఇన్నేళ్లుగా నేను ఆ కథను పైనుంచి, పెరిగేవాడి భుజమ్మీద నిలబడి చెబుతున్నానని అంతకు ముందు నాకు తోచలేదు. ఆ కుర్రవాడు కింద నిలబడి విన్నాడు. మూడడుగుల నేల అడిగినవాడు మూడడుగులతో ఆగడని చెప్పడానికి పురాణంలో ఒక గురువైనా ఉన్నాడు. వాళ్ల ఊళ్లో ఆ పాటివాడు కూడా లేడు. ఇంతవరకూ అయితే ఇది చమత్కారమే. నన్ను ఎందుకు అంతగా పట్టుకుందో చెప్పాలంటే కొంచెం చుట్టు తిరిగి రావాలి.

చిన్నవి చేరి పెద్దవి కావడాన్ని గురించి మనకొక సిద్ధాంతం ఉంది. పరిమాణంలో వచ్చే మార్పులు ఒక హద్దు దాటాక గుణంలో మార్పుగా పరిణమిస్తాయి. విద్యార్థిగా ఉన్న రోజుల్లో అధ్యయన తరగతుల్లో దీన్ని నేర్చుకున్నాను. చెప్పినవారందరూ ఒకే ఉదాహరణ చెప్పారు. నీరు వేడెక్కుతుంది, ఇంకా వేడెక్కుతుంది, 100 డిగ్రీల దగ్గర ఆవిరి అవుతుంది. ఎంగెల్సు కాలం నుంచీ ఈ నీళ్లు ఇలా మరుగుతూనే ఉన్నాయి. ఉదాహరణలో తప్పేమీ లేదు. ఒక్కటే లోపం: అందులో కుండ ఎవరిదో, కట్టెలు ఎవరు మోసుకొచ్చారో, మంట ఎవరు ఎగదోస్తున్నారో కనిపించదు. వేడి తనంతట తానే పెరుగుతున్నట్టుంటుంది.

మా ప్రాంతంలో నీళ్లు మరగవు, పెరుగుతాయి. జులై, ఆగస్టు నెలల్లో భద్రాచలం వైపు ఏ బస్సెక్కినా జనం మాట్లాడుకునేది అంకెల్లోనే. "ఎంతుంది?" "నలభై ఒకటి." "రాత్రికి?" ఏమిటి ఎంత అని ఎవరూ అడగరు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి ఒక్కతే అయితే మాకింత భయం ఉండేది కాదు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి చేరుతుంది. అది వార్ధా, వైన్‌గంగల నీళ్లు కూడా మోసుకొస్తుంది. ఆ దిగువన బస్తరు అడవుల నుంచి ఇంద్రావతి. ఇంకా కిందికి, చర్ల వైపు నుంచి తాలిపేరు. ఇక్కడ చినుకు లేక ఎండ కాస్తూ ఉంటుంది, ఏరు పెరుగుతూ ఉంటుంది. ఆ సమయానికి దిగువన కూనవరం దగ్గర శబరి కూడా పోటు మీదుంటే, పోయే నీటికి దారి చాలక వరద మా మీదే నిలుస్తుంది. 1986 ఆగస్టులో ఇలాగే 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3. ఊరు మునిగిపోయాక, ఏ చినుకు ముంచిందని అడిగేవాడు లేడు.

అయితే, నదిని చూస్తూ కూర్చునేవాడొకడున్నాడు. గంటగంటకూ అంకె రాసుకుంటాడు. మైకులో చెబుతాడు. జనం మూటాముల్లె కట్టుకుని మెరకకు పోవడానికి వ్యవధి ఉంటుంది. మనిషి మీద బాకీ పెరగడానికీ, మనిషి కాలికింద నేల తరగడానికీ ఇలాంటి గీతలు ఏ వంతెన స్తంభం మీదా ఎవరూ గీయలేదు. గీయవలసినవాళ్లలో రచయితలు కూడా ఉన్నారని నా అభిప్రాయం.

మన అభ్యుదయ సాహిత్యానికి వరద అంటే ప్రీతి. 1943లో తెనాలిలో సంఘం ఏర్పడిన నాటి నుంచీ మనం ఉప్పెనలూ, అగ్నిపర్వతాలూ, పిడుగులూ రాస్తూ వచ్చాం. దీన్ని ఎగతాళిగా అనడం లేదు, నేనూ కవిత్వం రాసినవాణ్ణే. "ఉప్పొంగు" అనే క్రియను నా ఇరవయ్యో ఏట నేను వాడినన్నిసార్లు గోదావరి కూడా వాడి ఉండదు. కాని పొంగిన రోజు మీద ఉన్న శ్రద్ధ, పొంగడానికి ముందు గడిచిన ఏళ్ల మీద మనకు లేదు. 1879 రంప పితూరీ గురించి అడిగితే పోలీసు ఠాణాలు తగలబడ్డాయని మన విద్యార్థులు చెబుతారు. కొండవాళ్లు తాగే కల్లు మీద వేసిన చిగురుపన్ను సంగతి చెప్పేవారు తక్కువ. అప్పటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి సీమ 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాష్ట్రం కిందికి వచ్చిందనీ, వచ్చాక పోడు మీద పన్ను మూడింతలయిందనీ, ఆ రేకపల్లికి పితూరీ పాకడానికి అదొక కారణమనీ చెప్పేవారు ఇంకా తక్కువ. మంట మనకు తెలుసు. పన్ను లెక్క తెలియదు.

కథకుడి ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. వాడు ఉప్పు అప్పు తెచ్చుకున్నాడు, మరుసటి నెల మళ్లీ ఉప్పు అప్పు తెచ్చుకున్నాడు, ఆ పై నెల కూడా తెచ్చుకున్నాడు అని రాసుకుంటూ పోతే ఏ పాఠకుడు రెండో పుట తిప్పుతాడు? లెక్కలు సాహిత్యం కావని పెద్దలంటారు. దానికి మాత్రం ఒప్పుకోను. మా భద్రాచలం కవే నాకు సాక్షి. కంచర్ల గోపన్న గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ తహశీల్దారు. వసూలైన శిస్తు పెట్టి రాముడికి గుడి కట్టించి, ఆ సొమ్ము కట్టలేక ఖైదులో పడ్డాడు. అక్కడ పాడినట్టు చెప్పే ప్రసిద్ధమైన కీర్తనలో ఆయన చేసిన పని ఏమిటి? ఏ నగకు ఎంతయిందో, ఏ కట్టడానికి ఎంతయిందో దేవుడికి వరసపెట్టి అప్పజెప్పాడు. ఖర్చుపద్దును పాటగా కట్టాడు. మూడువందల ఏళ్లకు పైగా జనం దాన్ని పాడుకుంటున్నారు. రాముడు అర్ధరాత్రి వెళ్లి నవాబుకు 6 లక్షలు కట్టి, రసీదు కూడా పుచ్చుకున్నాడని ఐతిహ్యం. రసీదు పుచ్చుకోవడం అనే ఆ చిన్న వివరం నాకు ఎంతో ఇష్టం. అప్పుల పాలైన జనం కల్పించిన వివరం అది. కాని ఆ 6 లక్షలు ఎవరి కల్లాల మీద కొలిచిన గింజలో కీర్తనలో లేదు. ఖర్చు పాటలోకి ఎక్కింది, జమ ఎక్కలేదు.

ఇక మా వైపు కూడికలో అన్నిటికంటె గట్టిదైన నాగు సంగతి. పట్నాల్లో పెరిగిన విద్యార్థులకు ఈ మాట తెలియకపోవచ్చు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు ఒక బస్తా అప్పు తెచ్చుకుంటే, పంట చేతికి రాగానే బస్తాన్నర కొలవాలి. అంటే నాలుగైదు నెలలకు సగానికి సగం వడ్డీ. కొలవలేకపోతే ఆ బస్తాన్నరే మరుసటి ఏటికి అసలవుతుంది. ఇలా ఒక్క బస్తా రెండో ఏటికి రెండుంబావు, మూడో ఏటికి దాదాపు మూడున్నర. ఇంతవరకు అవధానిలాగా నోటితోనే చెప్పవచ్చు. పదో ఏటికి ఎంతని తరగతిలో అడిగాను. ఇరవై అన్నారు, ముప్పై అన్నారు. 57 బస్తాలు దాటుతుంది. కాగితం మీద వేసి చూస్తే తప్ప నేనూ నమ్మలేదు.

ఇది అన్యాయమని కొత్తగా మనం కనిపెట్టలేదు. వడ్డీ అసలును మించి వసూలు చేయరాదన్న నియమం మన ధర్మశాస్త్రాల్లోనే ఉంది. అయితే ధాన్యం దగ్గరికి వచ్చేసరికి ఆ శాస్త్రాలే చెయ్యి సడలించాయి, ఎంతైనా శాస్త్రకారులు గాదెలున్నవాళ్లు. 1940లలో నైజాం ప్రభుత్వ సలహాదారుగా ఉన్న హైమెండార్ఫ్ పాపికొండల్లోని కొండరెడ్ల మీద 1945లో పుస్తకం అచ్చువేశాడు. కలప, వెదురు వర్తకుల బాకీ కింద కొండవాళ్లు ఎలా కట్టుబడి పని చేయవలసి వచ్చేదో అందులో ఉంది. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేస్తూ 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ కూడా చేసింది. కాగితం మీద కొలబద్ద లేకపోలేదు. దాన్ని చూస్తూ కూర్చునేవాడే లేడు.

ఇదంతా నేను ఎవరో పరాయి షావుకారును గురించి చెబుతున్నట్టుంది కదా. ఇప్పుడు మా ఇంటికి వస్తాను.

మా తాతయ్య కృష్ణాజిల్లా నుంచి 1958లో బూర్గంపాడు ప్రాంతానికి వచ్చాడు. ఒక జత ఎడ్లు, రెండు మూటలు, పొగాకు సాగులో కొంత అనుభవం. కౌలుకు నేల పట్టాడు. ఆయన దుర్మార్గుడు కాడు. పాఠకులు ఈ మాటను మనవడి పక్షపాతం అనుకోవచ్చు, కాని వ్యాసానికి ఇది అవసరం గనక రాస్తున్నాను. తాగుడు లేదు, ఎవరి మీదా చేయి ఎత్తిన దాఖలా లేదు, జ్వరమొచ్చిన కోయ పిల్లకు రాత్రిపూట బండి కట్టించి ఆసుపత్రికి పంపాడని ఇప్పటికీ ఊళ్లో చెబుతారు. ఆయనకున్న గుణం ఒక్కటే, లెక్క రాయడం. 1986 వరదకు ఇంటిల్లిపాదీ మెరకకు పోతున్నప్పుడు బియ్యపు బస్తా వదిలేసి, లెక్కల పుస్తకాలను ఇత్తడి బిందెలో పెట్టి, బిందె మూతికి గుడ్డ కట్టి నెత్తిన పెట్టుకుని నడిచాడట. మా ఇంట్లో దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చిన్నప్పుడు స్నేహితులకు గొప్పగా చెప్పాను.

ఆ కుర్రవాడు తరగతిలో మాట అన్న వేసవిలో ఆ పుస్తకాలు అటక మీంచి దింపాను. పొడుగాటి ఎర్రట్ట పుస్తకాలు. మనిషికో నాలుగు పుటలు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. ప్రతి పుట అడుగునా గీత కొట్టి, గీత కింద "వెరసి" అని రాసి మొత్తం. మరుసటి పుట నెత్తిన "వెనక పుట వెరసి" అని మళ్లీ అదే అంకె. అచ్చుపోసినట్టున్న అక్షరాలు. తెలుగు పండితుణ్ణి గనక మొదట నా కన్ను పడింది ఆ మాట మీదే. ఎంత పొందికైన మాట! ఉప్పు, గుడ్డ, జొన్నలు, జ్వరం మందు, పెళ్లి, చావు, వీటన్నిటికీ వాటి వాటి పేర్లున్నాయి పైన. గీత కిందికి దిగేసరికి పేర్లన్నీ పోయి ఒక అంకె మిగులుతుంది. దేనికి తెచ్చుకున్నాడన్నది ఆ తరవాతి పుటకు అవసరం లేదు.

ఒక కోయ రైతు ఖాతా మొత్తం నకలు రాసుకున్నాను. పేరు ఇక్కడ రాయను. 1960 నుంచి 1966 దాకా ఏడేళ్లు. ఏటా వానాకాలం ఒక బస్తా జొన్నలు, నాగుకు. చిల్లర పద్దులు వదిలేసి గింజల లెక్క ఒక్కటే చూస్తే ఇలా ఉంది: మొదటి ఏడు ఏమీ కొలవలేదు. 1961లో రెండు బస్తాలు కొలిచాడు. 1962లో ఒకటి, 1963లో ఒకటి, 1964లో రెండు. 1965, 1966 కరువు సంవత్సరాలు, దేశమంతా కరువే. ఆ రెండేళ్లూ కొలవలేకపోయాడు. అతను తీసుకున్నవి మొత్తం 7 బస్తాలు. తిరిగి కొలిచినవి 6. 1966 పంట నాటికి బాకీ వెరసి 20 బస్తాల పైచిలుకు.

ఆ అంకె కింద సిరా రంగు మారింది. 1967 మాఘమాసం తేదీతో మూడెకరాల చెలక స్వాధీనం చేసినట్టు ఒక వాక్యం, దాని పక్కన వేలిముద్ర. పుస్తకంలో మడిచి పెట్టిన సాదా కాగితం ఒకటి, దాని మీదా అదే ముద్ర. మూడెకరాలు. ఎకరానికో అడుగు.

మా నాన్న దగ్గరికి పుస్తకం తీసుకుపోయాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఓపిగ్గా మొదటి పుట నుంచీ చూశాడు.

"మనం ఎవరినీ తరిమి ఆక్రమించుకోలేదురా" అన్నాడు. "లెక్క ప్రకారం వచ్చింది. తప్పుంటే చూపించు."

తప్పు లేదు. మూడుసార్లు కూడాను. కాగితం మీద ఒకసారి, ఫోనులో ఒకసారి, మా కళాశాలలో గణితం చెప్పే మిత్రుడి చేత ఒకసారి. పావు బస్తా కూడా అటూ ఇటూ కాలేదు. దొంగలెక్క అయి ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది. మన కథల్లో షావుకారు ఎప్పుడూ దొంగలెక్క రాస్తాడు. అందువల్ల కథ చదివినవాడికి కోపం వస్తుంది, కోపం వచ్చి తీరిపోతుంది. సరైన లెక్క రాసిన షావుకారును గురించి మనం రాసింది తక్కువ. అతని దగ్గర దోపిడీ అంతా కూడికలో కాక, కూడికకు పెట్టుకున్న సూత్రంలో ఉంది.

చట్టం సంగతి కూడా నాన్నకు చెప్పాను. ఏజెన్సీలో భూమి బదిలీ మీద మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఒక చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో భూబదిలీ రెగ్యులేషన్ వచ్చింది. అది 1963 డిసెంబరు నుంచి తెలంగాణా ఏజెన్సీకి కూడా వర్తించింది. అంటే 1967 మాఘం నాటికి, అధికారి అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కావడం చెల్లదు. 1970 సవరణ దాన్ని ఇంకా బిగించింది. గిరిజనేతరులు తమలో తాము కూడా అక్కడి భూమి అమ్ముకోవడానికి వీల్లేదు, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యేదాకా, చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ చెలక మిరప మీదే నీ ఎమ్మే అయింది" అన్నాడు. బెదిరింపుగా అనలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. ఆయనకు తోచిన మరో పద్దు చదివి వినిపించాడు, అంతే. హాస్టలు రుసుము, పుస్తకాలు, హైదరాబాదు బస్సు ఛార్జీలు, విశ్వవిద్యాలయంలో నేను భూస్వామ్య వ్యవస్థ మీద రాసిన వ్యాసానికి కొన్న కాగితాలు, అన్నీ ఆ మూడెకరాల నుంచే. గుణాత్మక మార్పు ఎక్కడ వచ్చిందని నన్నడిగితే ఇక్కడ అంటాను. జొన్నల అప్పు మూడో తరానికి తెలుగు అధ్యాపకుడయింది.

ఆ ఖాతాదారు బిడ్డ ఇంకా ఉందని అమ్మ చెప్పింది. ఉండటమేమిటి, నాకు తెలిసిన మనిషే. పండుగాయ కోతలకు ఏటా మా మిరప చేలోకి కూలికి వచ్చే ముసలావిడ. నా చిన్నతనంలో నాకు తునికిపండ్లు తెచ్చి పెట్టేది. తన తండ్రి చెలకలో ఆవిడ ఇన్నేళ్లుగా రోజుకూలీకి కాయ ఏరుతున్నదని నాకు తెలియదు. ఆవిడకు తెలుసు.

మే నెలలో పుస్తకం సంచిలో పెట్టుకుని వాళ్ల గూడేనికి పోయాను. తునికాకు రోజులు. ఎండలో ఊరంతా ఆకు వాసన వేస్తోంది. తెల్లవారకముందే అడవికి పోయి కోసుకొచ్చిన ఆకును ఇంటి ముందు గుమ్మరించుకుని ఇంటింటా కట్టలు కడుతున్నారు. కట్టకు 50 ఆకులు, అలాంటి 1000 కట్టలు ఒక స్టాండర్డు బస్తా. 1971లో ఈ వ్యాపారాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్న తరవాత కూడా, కల్లంలో ఆకు లెక్కపెట్టేవాడికీ కట్టినవాళ్లకీ కొసరు కట్టల దగ్గర రోజూ తగాదాలే. కట్టకు పైసల చొప్పున రేటు పెంచుకోవడానికి ఈ ఆడవాళ్లు ఎన్ని వేసవులు సమ్మెలు కట్టారో అది వేరే చరిత్ర, రాయవలసినదే. నేను చూసింది ఆవిడ వేళ్లను. ఆకు మీద ఆకు పెడుతూ ఊరి సంగతులు మాట్లాడుతోంది, కోడిని అదిలిస్తోంది, మనవరాలిని కసురుతోంది, సరిగ్గా యాభయ్యో ఆకు దగ్గర చెయ్యి నార కోసం పోతోంది. ఒక కట్ట తీసుకుని దొంగచాటుగా లెక్కపెట్టాను. యాభై. "కోయోళ్లకు లెక్క రాదు" అని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్న మాట.

వచ్చిన పని చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మా అయ్య లెక్కనా? ఏం రాసిండ్రో చదువు సారూ."

చదివాను. ఏడేళ్లూ చదివాను. ఆవిడ కట్టలు కడుతూనే వింది. మధ్యమధ్య తల ఊపింది. "అవు, ఆ ఏడు గింజలు లేవు." "అవు, రెండు బస్తాలు కొలిచిండు, నేను బండి మీద కూసోని పోయిన." ఇలా ప్రతి పద్దుకూ సాక్ష్యం చెప్పింది. తాతయ్య లెక్కలో ఆవిడకు కూడా తప్పు దొరకలేదు. 1967 వేలిముద్ర దగ్గర నేను ఆగిపోయాను.

"అయిపాయెనా?" అంది.

"అయిపోయిందవ్వా."

"ఇప్పపువ్వు రాయలేదా?"

వెనక్కి తిప్పి చూశాను. లేదు.

"ఏటా ఎండకాలం రెండు గంపలు పోసేటోళ్లం మీ ఇంట్లో. చింతపండు?"

"లేదు."

"పొగాకు బ్యారన్‌కు కట్టె ఎవరు కొట్టిండ్రు? మా అయ్య. మూడు ఎండకాలాలు. ఎడ్లు లేవని మా ఎడ్లతోని మీ తాత చెలక దున్నిచ్చుకుండు. అదన్న ఉన్నదా?"

ఆమె గొంతులో కోపం లేదు. సంత నుంచి వచ్చినవాళ్లను తెచ్చిన సరుకులు ఒక్కొక్కటే అడిగినట్టు అడుగుతోంది. నేను ప్రతిదానికీ వెతుకుతున్నట్టు పుటలు తిప్పాను. వెతకనక్కర లేదు. ఎడమవైపు జమ వరసలో ఆరు బస్తాల గింజలు తప్ప అడుగుదాకా ఖాళీ. ఇన్నాళ్లూ ఆ ఖాళీని నేను అతని దారిద్ర్యం అనుకున్నాను. కట్టడానికి ఏమీ లేక కట్టలేదని అనుకున్నాను. సరైన లెక్క అని మూడుసార్లు కూడి తేల్చుకున్నవాణ్ణి, కూడడానికి ఏమేమి లోపలికి రానిచ్చారని ఒక్కసారి చూడలేదు. మా తాతయ్య రాయకపోవడం కూడా బహుశా మోసం చేద్దామని కాదు. అడవి నుంచి ఊరికే వచ్చేదానికీ, పక్క మనిషి వచ్చి చేసిపెట్టే పనికీ వెల ఉంటుందని ఆయనకు తోచి ఉండదు. తాను పోసిన జొన్నలకు మాత్రం ఉంటుందని ఖాయంగా తోచింది.

భూమి ఇంకా మా చేతిలోనే ఉంది. ఈ వ్యాసం చదివి నన్ను అడగవలసిన మొదటి ప్రశ్న అదే గనక నేనే చెబుతున్నాను. భద్రాచలంలో భూబదిలీ కేసులు చూసే ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కార్యాలయం ఉంది. అక్కడ దాఖలు చేయవలసిన అర్జీ రాసి పెట్టాను, నాన్న సంతకం కావాలి. తన తరవాత నా ఇష్టం అంటున్నాడు. ఆయనతో రోజూ వాదిస్తున్నాను. కొన్ని రోజులు వాదించడం లేదు. ఆ రోజుల్ని కూడా ఎవరైనా లెక్క రాసుకుంటూ ఉండవచ్చు.

ఆ వేసవి మధ్యాహ్నం మాత్రం ఆవిడ, "రాయి మరి" అంది.

"ఎక్కడ రాయమంటావు అవ్వా?"

"ఏడ జాగ ఉంటె ఆడ."

జేబులోంచి కలం తీసి, తాతయ్య అచ్చు అక్షరాల పక్కన, జమ వరసలో, 1960 దగ్గర మొదలుపెట్టాను. ఇప్పపువ్వు రెండు గంపలు. చింతపండు, ఎంత? రెండు మానికలు. ఎడ్లతో దున్నకం నాలుగు రోజులు. ఆవిడ చెబుతోంది, చేతులు ఆకు పేరుస్తున్నాయి, మనవరాలు నార పాయలు అందిస్తోంది. 1962 పుటకు వచ్చేసరికి జాగా చాలక అంచుల్లో నిలువుగా రాయవలసి వచ్చింది. వానల్లో వాళ్లమ్మ మా ఇంట్లో వడ్లు దంచిన రోజులు ఒక పట్టాన తేలలేదు. దసరా నుంచి సంక్రాంతి దాకా అని ఒకసారి, కాదు, సంక్రాంతి దాటిందాకా అని ఒకసారి అంది. పక్కింటి ఇంకో ముసలావిడను పిలిచి అడిగింది. ఇద్దరూ కోయలో కొంతసేపు వాదించుకుని సంక్రాంతి దాటిందాకా అని తేల్చారు. అలాగే రాశాను.

అలవాటుకొద్దీ పుట అడుగున గీత కొట్టి, వెరసి అని రాయబోయాను. ఆవిడకు చదువు రాదు, గీతను మాత్రం గుర్తుపట్టింది.

"అప్పుడే కూడకు సారూ" అంది, తరవాతి కట్టకు ఆకు అందుకుంటూ. "ఇంకా ఉన్నయ్."